మన టెక్సస్ బేస్‌బాల్ టీమ్ రేంజర్స్ ఈసారి ఎంతవరకు వెళ్తుంది? స్ప్రింగ్ ట్రైనింగ్ (సీజన్‌కి ముందు ఆడే ప్రాక్టీస్ గేములు) చూస్తున్నవాళ్ళు చెప్పండి

ఫ్రిస్కో_రేంజర్ (మార్చి 20, 2025)

నమస్తే అందరికీ. ఇంకో వారంలో సీజన్ మొదలైపోతోంది, 27న ఆర్లింగ్టన్‌లో మనకి రెడ్ సాక్స్‌తో ఫస్ట్ గేమ్, ఆ సిరీస్ ఆదివారం ఉగాది దాకా నడుస్తుంది. ఇక్కడ క్రికెట్ థ్రెడ్లే ఎక్కువ గానీ డాలస్‌లో, జెర్సీలో, సియాటిల్‌లో బేస్‌బాల్ గట్టిగా ఫాలో అయ్యే మనవాళ్ళు చాలామందే ఉన్నారు, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

రేంజర్స్ గురించి ఏమనుకుంటున్నారు? 2023లో తమ డివిజన్ (గ్రూప్) గెలవని మంచి టీములకిచ్చే వైల్డ్ కార్డ్‌గా దూరి, ప్లేఆఫ్స్‌లో బయట గ్రౌండ్లలో ఆడిన 11 గేములూ గెలిచి వరల్డ్ సిరీస్ కొట్టేశాం. 2011 వరల్డ్ సిరీస్ గేమ్ 6 చూసినవాళ్ళకి ఆ కప్పు విలువేంటో నేను చెప్పక్కర్లేదు, ఒక్క స్ట్రైక్ దూరంలో రెండుసార్లు చేజారింది. తీరా 2024 వచ్చేసరికి 78 గెలుపులు, 84 ఓటములు. ముంచింది పిచింగ్ అని చాలామంది అంటారు గానీ నా లెక్కలో బ్యాటింగే, 2023లో 881 రన్స్ చేసిన టీమ్ 2024లో 683 దగ్గర ఆగిపోయింది. గార్సియా యావరేజ్ .224, జంగ్‌కి సీజన్ మొదట్లోనే మణికట్టు విరిగింది, కార్టర్ నడుము నొప్పితో మే తర్వాత మళ్ళీ ఆడనేలేదు.

అందుకని ఈ వింటర్‌లో బ్యాటింగ్ సరిచేశారు. మయామీ నుంచి జేక్ బర్గర్‌ని తెచ్చారు, జాక్ పీడర్సన్‌కి 2 ఏళ్ళకి 37 మిలియన్లు ఇచ్చారు, నథానియెల్ లోని వాషింగ్టన్‌కి పంపించారు. ఇవోల్డీ పోతాడేమో అని భయపడ్డా, 3 ఏళ్ళకి 75 మిలియన్లిచ్చి ఉంచేసుకున్నారు, అది మాత్రం చాలా సంతోషం.

ఇప్పుడు దెబ్బ ఇంకో వైపు నుంచి వచ్చింది. 14వ తారీఖు రాకీస్‌తో గేమ్‌లో జాన్ గ్రే చేతికి బ్యాటర్ కొట్టిన లైనర్ సూటిగా వచ్చి తగిలింది, కుడి మణికట్టు ఫ్రాక్చర్. బ్రాడ్‌ఫర్డ్‌కి మోచెయ్యి నొప్పి, బాల్ పట్టుకోవద్దన్నారు. అంటే ఇవోల్డీ, డిగ్రామ్, మాలీ తర్వాత ఉన్న రెండు ప్లేసులకి జాక్ లైటర్, కుమార్ రాకర్ ఇద్దరే గతి. ఇద్దరూ నాకు ఇష్టమే, ముఖ్యంగా రాకర్, వాళ్ళ అమ్మగారి వైపు మన ఇండియావాళ్ళు కాబట్టి ఇంట్లో మా పిల్లలకి కూడా ఆ పేరంటే ప్రాణం, పోయినేడు టామీ జాన్ (మోచేతి సర్జరీ) తర్వాత తిరిగొచ్చేటప్పుడు మా ఫ్రిస్కోలో రేంజర్స్ కింది టీమ్ రఫ్‌రైడర్స్‌కి ఆడాడు. కానీ ఇష్టం వేరు, 162 గేములు నడవాల్సిన రొటేషన్ (వంతులవారీగా గేమ్ మొదలుపెట్టే అయిదుగురు పిచర్లు) వేరు.

స్ప్రింగ్ స్కోర్లు రోజూ చూస్తున్నా, ఒకరోజు అదరగొడతారు, మర్నాడు 10 రన్స్ ఇచ్చేస్తారు, ఏది నమ్మాలో తెలీట్లేదు. అసలు స్ప్రింగ్‌లో మీరు ఏం చూస్తారు? మన డివిజన్‌లో ఎప్పుడూ పైనుండే ఆస్ట్రోస్ ఈసారి కిందికి దిగినట్టేనా? 90 గెలుపులు వస్తాయా?

ప్లానో_బేస్‌బాల్_అమ్మ

ఫ్రిస్కో గారూ, మంచి టైమ్‌లో పెట్టారు. మా బాబు లిటిల్ లీగ్‌లో పిచర్, వాడి వల్ల మా ఇంట్లో ఫిబ్రవరి రెండో వారం నుంచి ఇదే గోల, స్ప్రింగ్ బ్రేక్‌కి ఫీనిక్స్ వెళ్ళి సర్‌ప్రైజ్‌లో రేంజర్స్ గేములు చూసొచ్చాం కూడా, ఔట్‌ఫీల్డ్ వెనక గడ్డి మీద దుప్పటి వేసుకుని కూర్చుంటే ప్లేయర్లు పక్కనుంచే నడిచి వెళ్తారు, పిల్లలతో వెళ్ళేవాళ్ళకి రెగ్యులర్ సీజన్ కంటే అదే బాగుంటుంది.

మీ మొదటి ప్రశ్నకి నా సమాధానం, స్కోర్ అస్సలు చూడకండి. అయిదో ఇన్నింగ్స్ దాటాక గ్రౌండ్‌లో ఉండేది సగం మంది మైనర్ లీగ్ పిల్లలు. ఒక్కోరోజు టీమ్‌ని రెండుగా చీల్చి రెండు చోట్ల ఆడిస్తారు. పెద్ద పిచర్లు అయితే ఆరోజు గెలవడానికి రారు, కొత్త పిచ్ (బాల్ వేసే తీరు) ఒకటి ప్రాక్టీస్ చేయడానికి వస్తారు, ఇన్నింగ్స్ అంతా అదే వేస్తారు, కొడితే కొట్టారులే అనుకుంటారు. పోయినేడు మన వాయట్ లాంగ్‌ఫర్డ్ సంగతి గుర్తుందా, స్ప్రింగ్‌లో 6 హోమ్ రన్లు కొట్టి ఊరంతా ఊగిపోయేలా చేశాడు, తీరా సీజన్‌లో మొదటి హోమ్ రన్‌కి ఏప్రిల్ చివరిదాకా పట్టింది, అది కూడా బాల్ గోడ దాటలేదు, పరిగెత్తి సాధించిన ఇన్‌సైడ్ ద పార్క్. తర్వాత కుదురుకుని జూన్ 30న సైకిల్ (ఒకే గేమ్‌లో సింగిల్, డబుల్, ట్రిపుల్, హోమ్ రన్) కొట్టాడు, అది వేరే సంగతి. ఆ మార్చి నంబర్లు చూసి ఎవరైనా ఏం చెప్పగలిగారు? ఏమీ లేదు.

నేను చూసేవి మూడే. ఫాస్ట్‌బాల్ స్పీడ్ పోయినేడుతో పోలిస్తే ఎంత ఉంది, మొదటి పిచ్ స్ట్రైక్ వేస్తున్నాడా లేదా, మర్నాడు పొద్దున ఒళ్ళు ఎలా ఉందని అడిగితే మేనేజర్ ఏమంటున్నాడు. మన మేనేజర్ బోచీ లాంటి పెద్దాయన "చూద్దాం" అన్నాడంటే నాకు కంగారు మొదలైపోతుంది.

లైటర్ విషయంలో నాకు నిజంగా నమ్మకం వచ్చింది. పోయినేడు ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చే రన్స్ లెక్క) 8.83, చూడలేకపోయాం. ఈసారి చేంజప్ (ఫాస్ట్‌బాల్‌లా కనిపించి మెల్లిగా వచ్చే బాల్) మార్చుకుని వచ్చాడు, సర్‌ప్రైజ్‌లో చూసినప్పుడు లెఫ్టీలు దాని మీద ముందుకి తూలిపోవడం కళ్ళారా చూశా. వాడికి బాల్‌లో ఎప్పుడూ లోటు లేదు, కౌంట్‌లో వెనకబడిపోయి ఫాస్ట్‌బాల్ మధ్యలో వేయాల్సి వచ్చేది, అది తగ్గితే చాలు. రాకర్‌కి స్లైడర్ (పక్కకి తిరిగే బాల్) దేవుడిచ్చిన వరం, దానికి తోడు ఇంకోటి కావాలి. లైనప్ రెండోసారి తిరిగేసరికి బ్యాటర్లు స్లైడర్ కోసమే కాచుకుని ఉంటారు.

యూటీఏ_కుర్రాడు

అక్కా అన్నా, నేను యూటీ ఆర్లింగ్టన్‌లో ఎంఎస్ చేస్తున్నా, వచ్చి ఏడాది కూడా కాలేదు, స్టేడియం మా రూమ్‌కి దగ్గరే, పోయిన సెప్టెంబర్‌లో ఫ్రెండ్స్ లాక్కెళ్తే వెళ్ళా, అప్పటినుంచి పట్టుకుంది. చిన్న డౌట్, ప్రతి ఒక్కరికీ టామీ జాన్ టామీ జాన్ అంటున్నారు, డిగ్రామ్‌కి, రాకర్‌కి, మాలీకి, ఇప్పుడు యాంకీస్ గెరిట్ కోల్‌కి కూడా, అది అసలు ఏం సర్జరీ? అందరికీ అదే ఎందుకు వస్తోంది? మన ఫాస్ట్ బౌలర్లకి నడుము పోతుంది గానీ మోచెయ్యి పోవడం నేను పెద్దగా వినలేదు.

ప్లానో_బేస్‌బాల్_అమ్మ

తమ్ముడూ చాలా మంచి ప్రశ్న అడిగావు, నాకు తల్లిగా నిద్ర పట్టనివ్వని విషయం ఇదే కాబట్టి కాస్త పెద్దగా రాస్తా.

మోచేతి లోపలి వైపు రెండు ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్ ఒకటుంటుంది. పిచర్ చెయ్యి వెనక్కి వంగి ముందుకి విసిరే క్షణంలో బరువంతా దాని మీదే పడుతుంది. కండ అయితే ఎక్సర్‌సైజ్ చేస్తే బలపడుతుంది, లిగమెంట్ అలా బలపడదు, అందుకే ఎంత కండ పెంచి ఎంత స్పీడ్ వేస్తే దానికి అంత ప్రమాదం. అది తెగితే ఒంట్లో ఇంకోచోటి నుంచి, ఎక్కువగా ముంజేతి నుంచో తొడ వెనక నుంచో టెండన్ తీసి దాని ప్లేస్‌లో కడతారు. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదటిసారి చేసింది టామీ జాన్ అనే డాడ్జర్స్ పిచర్‌కి, అందుకే ఆ పేరు. తిరిగి రావడానికి 12 నుంచి 18 నెలలు. బౌలర్ చెయ్యి చాచి తిప్పి వేస్తాడు, బరువు నడుము మీద, ముందు కాలు మీద పడుతుంది, ఇక్కడ మోచెయ్యి వంచి విసరడమే పని, అందుకే దెబ్బ తగిలే చోటు వేరు.

పోయిన డిసెంబర్‌లో మేజర్ లీగ్ నడిపే ఎంఎల్‌బీవాళ్ళే ఒక పెద్ద రిపోర్ట్ బయటపెట్టారు, డాక్టర్లని, కోచ్‌లని, పాత పిచర్లని అడిగి చేసింది. అందులో చెప్పింది ఒకటే, ప్రతి బాల్ ఫుల్ ఎఫర్ట్‌తో, ప్రతి బాల్‌కి ఎక్కువ స్పీడ్, ఎక్కువ స్పిన్ కావాలని వెంటపడటం. చిన్నపిల్లల దగ్గర్నుంచే అది మొదలైందని కూడా రాశారు. లిటిల్ లీగ్‌లో 11, 12 ఏళ్ళవాళ్ళకి రోజుకి 85 పిచ్‌లు దాటకూడదని రూల్ ఉంది, కానీ శని ఆదివారాల్లో ట్రావెల్ టీమ్‌లో ఇంకో చోట వేయిస్తే ఆ లెక్క ఎవరు చూస్తారు? మన పేరెంట్స్‌కి కూడా దండం పెట్టి చెప్తున్నా, స్కాలర్‌షిప్ వస్తుందని పిల్లల చేత ఏడాది పొడుగునా వేయించకండి. కనీసం మూడు నాలుగు నెలలు చేతికి రెస్ట్ ఉండాలి.

స్ప్రింగ్‌లోనే ఈ గాయాలు ఎక్కువ ఎందుకు బయటపడతాయంటే, వింటర్ అంతా ల్యాబుల్లో స్పీడ్ పెంచుకుని క్యాంప్‌కి వచ్చేసరికి అప్పటికే సీజన్ మధ్యలో ఉన్నట్టు విసురుతున్నారు. పాతరోజుల్లో స్ప్రింగ్ అంటే మెల్లిగా చెయ్యి సాగదీసుకోవడం, ఇప్పుడు మొదటి రోజే రేడార్ గన్ ముందు పరీక్ష.

సమ్మామిష్_మారినర్

అందరికీ హాయ్. సియాటిల్ వైపు నుంచి ఒక్కడైనా లేకపోతే బాగోదు కదా. ఫ్రిస్కో అన్నా, రాకర్ ఫస్ట్ మేజర్ లీగ్ గేమ్ మా మీదే, పోయిన సెప్టెంబర్ 12న, 4 ఇన్నింగ్స్‌లో 7 స్ట్రైక్ఔట్లు తీశాడు. టీ-మొబైల్ పార్క్‌లో మా పక్కన కూర్చున్న పెద్దాయన ఒకాయన, అమెరికన్, "ఈ అబ్బాయి వాండర్‌బిల్ట్‌లో డ్యూక్ మీద 19 మందిని స్ట్రైక్ఔట్ చేసి నో-హిట్టర్ (ఒక్క హిట్ కూడా ఇవ్వని గేమ్) వేశాడు, ఫ్రెష్‌మన్‌గా ఉన్నప్పుడే" అని మాకు చెప్తుంటే ఏదో మనింటి పిల్లాడి గురించి చెప్పినట్టే అనిపించింది. మేం ఓడిపోతామేమో అనే బాధ ఉన్నా లేచి చప్పట్లు కొట్టా.

కానీ మన రెండు టీములూ ఉన్న డివిజన్ ఏఎల్ వెస్ట్ గెలిచేది మేమే అని నా గట్టి నమ్మకం, ఎందుకో చెప్తా. గిల్బర్ట్, కర్బీ, కస్తీయో, మిల్లర్, వూ, ఈ అయిదుగురిలో పోయినేడు వూ గాయాలతో కొన్నాళ్ళు ఆగినా మిగతా నలుగురూ దాదాపు సీజన్ మొత్తం ఆడారు, అలాంటి రొటేషన్ ఇప్పుడు ఇంకెవరికీ లేదు. కర్బీకి భుజంలో వాపు వచ్చింది, సీజన్ మొదట్లో ఉండడు, అది గుచ్చుకుంటోంది నిజమే. కానీ మా అసలు రోగం బ్యాటింగ్. పోయినేడు మేజర్ లీగ్ మొత్తంలో అందరికంటే ఎక్కువ స్ట్రైక్ఔట్ అయిన టీమ్ మాది. జూన్‌లో డివిజన్‌లో 10 గేముల లీడ్ ఉంది, జులై మధ్యకల్లా మొత్తం కరిగిపోయింది, చివరికి 85 గెలిచి ఒక్క గేమ్ తేడాతో ప్లేఆఫ్స్ మిస్. వరల్డ్ సిరీస్ ఒక్కసారి కూడా ఆడని టీమ్ ఇప్పుడు మేజర్ లీగ్‌లో మాదొక్కటే, 2001లో 116 గెలిచి కూడా వెళ్ళలేకపోయాం, ఆ తర్వాత ప్లేఆఫ్ మొహం చూడటానికి 2022 దాకా పట్టింది. మీరు ఒక ఏడాది పోయిందని బాధపడుతున్నారు, ఇక్కడ మా ఆఫీసులో నలభై ఏళ్ళ నుంచి ఎదురు చూస్తున్నవాళ్ళున్నారు, ప్రతి ఫిబ్రవరి మళ్ళీ అంతే ఆశతో పియోరియా టికెట్లు బుక్ చేస్తారు, వాళ్ళని చూస్తే నాకు చాలా గౌరవం.

ఈ వింటర్‌లో ఓనర్లు డబ్బు తియ్యలేదు, పొలాంకోని మళ్ళీ తీసుకున్నారు, సొలానో వచ్చాడు, అంతే. అంత పిచింగ్ చేతిలో పెట్టుకుని ఒక్క మంచి బ్యాట్ కొనకపోవడం నాకు అస్సలు నచ్చలేదు. అంతా మా స్టార్ బ్యాటర్ జూలియో మీద, ఆగస్టులో మేనేజర్‌గా డాన్ విల్సన్ వచ్చాక మారిన బ్యాటింగ్ మీద ఆధారపడి ఉంది. ఆ చివరి నెలలో ఎలా ఆడారో ఏడాదంతా అలా ఆడితే 90 మాకే.

ఇంకోటి, ఆస్ట్రోస్ దిగారా అన్నారు. టక్కర్‌ని కబ్స్‌కి అమ్మేశారు, బ్రెగ్మన్ 3 ఏళ్ళకి 120 మిలియన్లతో బాస్టన్ వెళ్ళాడు, మీ ఓపెనింగ్ సిరీస్‌లోనే ఎదురుపడతాడు. ఆల్టువేని లెఫ్ట్ ఫీల్డ్‌కి పంపారు. అయినా 2017 నుంచి 2024 దాకా ఒక్క 2020 తప్ప ప్రతి ఏడాది డివిజన్ వాళ్ళదే, వాళ్ళు ఇంటికి వెళ్ళారని చెవిన పడేదాకా నేను నమ్మను.

ఎడిసన్_మెట్స్_రవి

నేను మెట్స్ ఫ్యాన్‌ని, డిగ్రామ్ ఉన్న థ్రెడ్ కాబట్టి రాకుండా ఉండలేకపోయా. ఆయన్ని మా టీమ్‌లో ఉన్నప్పుడు చూసినవాళ్ళకి తెలుసు, 2018లో ఈఆర్ఏ 1.70, గెలుపులు మాత్రం 10, ఎందుకంటే మావాళ్ళు ఆయనకి రన్స్ చేసి పెట్టలేదు, అయినా ఒక్కరోజు మొహం చిట్లించలేదు. 7 నంబర్ ట్రైన్ ఎక్కి సిటీ ఫీల్డ్‌కి వెళ్ళేటప్పుడు ఆరోజు డిగ్రామ్ అని తెలిస్తే కంపార్ట్‌మెంట్ వాతావరణమే వేరుగా ఉండేది. వెళ్ళిపోయినందుకు కోపం లేదు. 5 ఏళ్ళకి 185 మిలియన్లు మీరు ఇచ్చారు, 2023లో 6 గేములు వేశాడు, పోయిన సెప్టెంబర్‌లో 3. ఈసారి ఆయన్ని మెల్లిగా నడిపిస్తున్నారు, స్ప్రింగ్‌లో లేటుగా దింపారు, ఫుల్ స్పీడ్‌కి వెళ్ళకుండా వేస్తున్నాడు అని చదివా. నాకైతే అదే శుభవార్త. 100 మైళ్ళు వేయకపోయినా ఆయన స్లైడర్ ఎవడూ కొట్టలేడు, కాస్త తగ్గించి వేస్తే 30 గేములు వేస్తాడు, 36 ఏళ్ళకి అది అర్థమైతే మళ్ళీ బెస్ట్ పిచర్ అవార్డు సై యంగ్ రేస్‌లో చూడొచ్చు. రేంజర్స్ సీజన్ అంతా ఆయన మోచెయ్యి మీదే ఉంది, అందులో నాకు ఏమాత్రం అనుమానం లేదు.

లైటర్ వాళ్ళ నాన్న అల్ లైటర్ మా మెట్స్‌కి ఎన్నో ఏళ్ళు ఆడినవాడు, రాకర్‌ని 2021లో మేమే డ్రాఫ్ట్ (కొత్త ప్లేయర్లని వంతులవారీగా ఎంచుకోవడం) చేశాం, 10వ పిక్, మెడికల్ రిపోర్ట్ చూసి సైన్ చేయకుండా వదిలేశారు, మర్నాడే మేం ఇంట్లో కొట్టుకున్నంత పని చేశాం. ఏడాది తిరిగేసరికి మీరు 3వ పిక్‌లో తీసుకున్నారు. మీ రొటేషన్‌లో అయిదుగురిలో ముగ్గురికి మాతో చుట్టరికం ఉంది.

మా సంగతికి వస్తే, సోటో వచ్చాడు, 15 ఏళ్ళు, 765 మిలియన్లు. లిండోర్, సోటో, అలోన్సో వరసగా వస్తుంటే ఎవరు వేస్తారు బాల్? అలోన్సో వెళ్ళిపోతాడని జనవరి అంతా బాధపడ్డా, ఫిబ్రవరిలో 2 ఏళ్ళకి 54 మిలియన్లకి ఉండిపోయాడు, మిల్వాకీలో డెవిన్ విలియమ్స్ మీద తొమ్మిదో ఇన్నింగ్స్‌లో కొట్టిన ఆ హోమ్ రన్ తర్వాత ఆయన వేరే జెర్సీలో ఉంటే చూడలేకపోయేవాణ్ణి. కానీ మాకూ అదే జబ్బు, మొంటాస్‌కి వీపు కండరం, మనాయాకి పక్కటెముకల దగ్గర కండరం, ఇద్దరూ మొదట్లో ఉండరు. చివరి ఇన్నింగ్స్ వేసే క్లోజర్‌గా ఉండే క్లే హోమ్స్‌ని స్టార్టర్ చేశారు, స్ప్రింగ్‌లో బాగానే ఉన్నాడు, జులైలో చెయ్యి ఎలా ఉంటుందో చూడాలి. యాంకీస్‌వాళ్ళ బాధ ఇంకా పెద్దది, కోల్ ఈ ఏడాదంతా లేడు, రూకీ ఆఫ్ ద ఇయర్ గిల్ కూడా గాయంతో పడ్డాడు, స్టాంటన్‌కి రెండు మోచేతులూ నొప్పి, మాక్స్ ఫ్రీడ్‌ని కొనకపోయి ఉంటే ఏమయ్యేదో.

ఎవరు ఎంత మాట్లాడినా డాడ్జర్స్ ఒకళ్ళున్నారు. మొన్న టోక్యోలో కబ్స్ మీద రెండూ గెలిచేశారు, అదీ బెట్స్ ఒంట్లో బాగోక ఆడకుండా, ఫ్రీమన్ పక్కటెముకల నొప్పితో కూర్చుని ఉండగా. ఒటానీ ఇంకా గేముల్లో పిచింగ్ మొదలు పెట్టనేలేదు. పోయినేడు 54 హోమ్ రన్లు, 59 స్టీల్స్ చేసినవాడి 700 మిలియన్లలో 680 తర్వాత ఇస్తాం అని రాసుకుని ఆ మిగిలిన వెసులుబాటుతో స్నెల్‌ని తెచ్చుకున్నారు, ససాకి కూడా వాళ్ళ దగ్గరికే వచ్చాడు. రూల్‌లో ఉన్నదే చేశారు, తప్పు పట్టను, కానీ మా మెట్స్ వాళ్ళని దాటి వెళ్ళాలంటే అక్టోబర్‌కి నలుగురు స్టార్టర్లు కాళ్ళ మీద నిలబడి ఉండాలి.

ఫ్రీమాంట్_పచ్చజెండా

అందరికీ నమస్తే. నేను ఫ్రీమాంట్ల ఉంట, ఓక్లాండ్ ఏస్ ఫ్యాన్‌ని, ఇప్పుడు ఓక్లాండ్ అనే మాట తీసేశిన్రు, ఉత్త అథ్లెటిక్స్ అంటున్రు. మీరంత గెలుపులు లెక్కపెడుతున్రు, మాకు టీమే ఊరిడిశి పోయింది. పోయిన సెప్టెంబర్ 26న కొలీజియంల ఆఖరి గేమ్, మీ రేంజర్స్ మీదనే, మేం గెలిశినం. గేమ్ అయినంక కూడ జనం లేవలే, పెద్ద పెద్దోళ్ళు గ్రౌండ్ల మట్టి గ్లాసులల్ల తీస్కపోయిన్రు. బార్ట్ (లోకల్ ట్రైన్) ఎక్కితె నేరుగ స్టేడియం ముంగట దిగుతుంటిమి, టికెట్ సస్తగ ఉండె, కొత్తగ అమెరికా వచ్చినోళ్ళకి ఇంత తక్కువల మేజర్ లీగ్ యాడ దొరుకుతది? నాకు బేస్‌బాల్ నేర్పింది ఆ రైట్ ఫీల్డ్ డ్రమ్ములోళ్ళే. ఒకప్పుడు మా ఫ్రీమాంట్లనే స్టేడియం కడ్తమన్నరు, 2009ల అది కూడ పాయె.

ఇప్పుడు శాక్రమెంటోల సట్టర్ హెల్త్ పార్క్, 14 వేల మంది పట్టే మైనర్ లీగ్ గ్రౌండ్, ఆడ ఉన్న మైనర్ లీగ్ టీమ్ రివర్ క్యాట్స్‌తోటి కలిశి ఆడాలె. 2028ల లాస్ వేగాస్ అంటున్రు. జులైల మధ్యాహ్నం శాక్రమెంటో ఎండ ఎట్లుంటదో తెలిసినోళ్ళకి తెలుసు, పిచర్ల సంగతి తల్చుకుంటె భయమైతది.

అయితె ఒక ముచ్చట చెప్త, మమ్మల్ని లెక్కల నుంచి తీసెయ్యకుండ్రి. 2023ల 112 ఓడినం, పోయినేడు 69 గెలిశినం, జులై నుంచి మంచిగ ఆడిన్రు. రూకర్ 39 హోమ్ రన్లు కొట్టిండు, జనవరిల 5 ఏండ్లకి 60 మిలియన్లు ఇచ్చిన్రు, ఈ నెలల బట్లర్‌కి 7 ఏండ్లు, 65.5 మిలియన్లు. సెవరీనోకి 67 మిలియన్లు, అప్పటిదాంక ఏస్ చరిత్రల అంత పెద్ద కాంట్రాక్ట్ లేకుండె. ఇన్నేండ్లు ఓక్లాండ్ల ఎవ్వరినీ ఉంచుకోలేదు, మంచిగ ఆడెటోని అమ్ముడే పని, ఇప్పుడు మమ్మల్ని ఇడిశిపెట్టినంక పైసలు తీసిన్రు, అది తల్చుకుంటె కడుపు మండుతది. పిలగాండ్ల మీద మాత్రం కోపం లేదు, ఆళ్ళు ఏం చేస్తరు. మెసా పోయి బట్లర్ బ్యాటింగ్ చూశొచ్చిన, ఆ చేతులు ఎంత స్పీడ్ అంటె చెప్పలేను. ఏఎల్ వెస్ట్ల మీరు ముగ్గురు కొట్టుకుంటుంటె మా మీద 13 గేములల్ల ఎన్ని గెలుస్తరో దాని మీదనే మీ ప్లేఆఫ్ తేలుతది, ఇది రాశి పెట్టుకోండ్రి. సమ్మామిష్ తమ్మీ, 27 నుంచి నాలుగు రోజులు మీ దగ్గరికే వస్తున్నం.

సమ్మామిష్_మారినర్

అన్నా, చదువుతుంటే బాధేసింది. మా సియాటిల్‌వాళ్ళకి అర్థమవుతుంది, 2008లో సోనిక్స్ బాస్కెట్‌బాల్ టీమ్‌ని ఇలాగే ఓక్లహోమా పట్టుకుపోయారు, ఇప్పటికీ ఇక్కడ ఆ గ్రీన్ జెర్సీలు వేసుకుని తిరుగుతారు. ఓపెనింగ్ సిరీస్‌కి రండి, టికెట్ నేను చూస్తా.

యూటీఏ_కుర్రాడు

ఇంకో డౌట్ అడగొచ్చా. స్ప్రింగ్ గేమ్ ఒకటి చూస్తుంటే అంపైర్ బాల్ అన్నాక క్యాచర్ తల మీద తట్టుకున్నాడు, వెంటనే స్క్రీన్ మీద బాక్స్ వేసి చూపించి స్ట్రైక్ అని మార్చేశారు. మన డీఆర్ఎస్ లాంటిదా? ఈ సీజన్‌లో ఉంటుందా?

ప్లానో_బేస్‌బాల్_అమ్మ

అదే తమ్ముడూ, కొన్ని స్ప్రింగ్ గ్రౌండ్లలో ట్రయల్ వేస్తున్నారు. టీమ్‌కి రెండు ఛాలెంజ్‌లు, బ్యాటర్, పిచర్, క్యాచర్ ముగ్గురే అడగాలి, డగౌట్ వైపు చూడకుండా వెంటనే అడగాలి, కరెక్ట్ అయితే ఛాలెంజ్ పోదు. ఈ 2025 రెగ్యులర్ సీజన్‌లో లేదు. నాకు చాలా నచ్చింది, మా బాబు అయితే ప్రతి పిచ్‌కీ టీవీ ముందు తల తట్టుకుంటున్నాడు. కానీ జోనా హైమ్ లాంటి క్యాచర్ బాల్‌ని మెల్లిగా జోన్‌లోకి లాగి స్ట్రైక్ తెచ్చిపెట్టే విద్య ఉంది చూడు, ఇది పూర్తిగా వచ్చేస్తే దాని విలువ తగ్గుతుంది. రేంజర్స్ పిచింగ్‌కి ఆయన చేసే సాయం ఎవరూ మాట్లాడరు.

ఫ్రిస్కో_రేంజర్

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. ప్లానో అక్క చెప్పాక నిన్న రాత్రి కూర్చుని స్కోర్లు పక్కన పెట్టి లైటర్ వేసిన వీడియోలు మాత్రమే చూశా, మొదటి పిచ్ స్ట్రైక్‌లు నిజంగానే పెరిగాయి. అది చూశాక నాకున్న భయం రొటేషన్ నుంచి బుల్‌పెన్‌కి (స్టార్టర్ దిగాక వచ్చి వేసే పిచర్లు) మారింది. యేట్స్ డాడ్జర్స్‌కి వెళ్ళిపోయాడు, రాబర్ట్‌సన్ లేడు, తొమ్మిదో ఇన్నింగ్స్ ఎవరు వేస్తారో ఈరోజుకీ బోచీ చెప్పలేదు. క్రిస్ మార్టినా, లూక్ జాక్సనా, లో బదులు వచ్చిన రాబర్ట్ గార్సియానా? మన ఆర్లింగ్టన్‌వాడే కాబట్టి మార్టిన్ అయితే సంతోషం, కానీ 38 ఏళ్ళ చేతితో వరసగా మూడు రోజులు వేయించలేరు. యంగ్ పిచర్లు ఇద్దరూ అయిదు ఇన్నింగ్స్ వేసి దిగిపోతారు, మిగతా నాలుగు ఇన్నింగ్స్‌కి మనుషులు కావాలి, దీని మీద ఎవరైనా రాయండి.

నా లెక్క చెప్పేస్తా. డిగ్రామ్ 25 గేములు వేస్తే 88 గెలుపులు, ఆ 88తో వైల్డ్ కార్డ్ వస్తుంది. మన స్టార్ బ్యాటర్ సీగర్ 140 గేములు ఆడితే ఇంకో రెండు మూడు కలుపుకోండి. డివిజన్ సియాటిల్‌ది అవ్వొచ్చు, ఆ అయిదుగురు పిచర్లు నాకు నిజంగా భయం. గార్సియా 2023 అక్టోబర్‌లో కొట్టినట్టు కొడితే మాత్రం ఈ లెక్కలన్నీ మారిపోతాయి, ఆయన స్వింగ్ ఈ స్ప్రింగ్‌లో పొట్టిగా, తేలిగ్గా కనిపిస్తోంది, ఆయన మీద నా నమ్మకం ఇంకా పోలేదు.

యూటీఏ తమ్ముడూ, ఓపెనింగ్ డే టికెట్లు ఖరీదు ఎక్కువ, శనివారం గేమ్‌కి చూడు, అప్పర్ డెక్‌లో దొరుకుతాయి. టీవీలో చూడాలంటే పాత బాలీ స్పోర్ట్స్ లేదు, టీమ్‌వాళ్ళే సొంతంగా పెట్టుకున్నారు, విక్టరీ ప్లస్ యాప్‌లో వస్తుంది. బాస్టన్‌కి ఇప్పుడు క్రోషే ఉన్నాడు, లెఫ్టీ, ఆరోజు పీడర్సన్‌ని కూర్చోబెడతారు కాబట్టి బర్గర్ ఎక్కడ దిగుతాడో చూడాలి. ఆదివారం పొద్దున ఉగాది పచ్చడి అయ్యాక ఫ్రిస్కో నుంచి రెండు కార్లు వెళ్తున్నాం, ప్లానో, ఇర్వింగ్ వైపు ఎవరైనా కలుస్తానంటే మెసేజ్ పెట్టండి, పిల్లలకి గ్లవ్‌లు తెచ్చుకోమనండి, బ్యాటింగ్ ప్రాక్టీస్ టైమ్‌కే లోపల ఉండాలని మావాళ్ళ పట్టుదల.